మనోళ్ళే కదా!

ప్రతి సంక్రాంతికీ మా ఊరు వెళ్ళడం నాకు అలవాటు. హైదరాబాదులో రాత్రి బస్సెక్కి, పొద్దున్నే రాజోలులో దిగి, ఆటోలో మలికిపురం వైపు పోతుంటే కొబ్బరితోటల మధ్యనుండి వచ్చే ఆ చల్లగాలికే సగం అలసట తీరిపోతుంది. ఈసారి కనుమనాడు మధ్యాహ్నం, భుక్తాయాసంతో అరుగు మీద చేరగిలబడి ఉన్న సమయంలో ఇద్దరు నన్ను వెతుక్కుంటూ వచ్చారు.

మొదట వచ్చినది ఎదురింటి పిన్ని. చేతిలో కొడుకు బయోడేటా. "నాయనా, మావోడికి మీ కంపెనీలో ఓ మాట చెప్పు. నువ్వు రిఫర్ చేత్తే తిరుగుండదంట కదా" అంది. 

ఆమె ఇంకా లేవకముందే వెనుక వీధినుండి మరొకామె వచ్చింది. ముప్పై నాలుగేళ్ళుంటాయి. ఆమె చేతిలో సెల్‌ఫోను. "అన్నయ్యగారూ, కువైట్ నుంచి మా చెల్లి వీసా పంపిందండి. ఇందులో ఏం రాసుందో ఓసారి చూసి పెడతారా?" అంది.

ఇద్దరినీ నేను అడిగినవి దాదాపు ఒకే ప్రశ్నలు. జీతమెంత? అందులో చేతికి వచ్చేదెంత? పని ఎన్ని గంటలు? జబ్బు చేస్తే ఎవరు చూస్తారు? మానేయాలనుకుంటే ఎలా?

పిన్ని నావైపు వింతగా చూసి, "నువ్వున్న కంపెనీయే కదా, నీకు తెలీదా ఏంటి?" అంది. రెండవ ఆమె కాస్త నొచ్చుకున్నట్టుగా, "సొంత చెల్లండీ బాబూ, ఆయ్. అయ్యన్నీ అడిగితే ఏమనుకుంటదో! మనోళ్ళే కదా" అంది.

ఈ "మనోళ్ళే కదా" అన్న మాట మీద నాకు చాలా ఏళ్ళుగా కోపం ఉన్నది. ఆ కోపమంతా ఈవేళ వెళ్ళగక్కదలచుకున్నాను. పాఠకులు మన్నించాలి.

ముందుగా ఏమాటకామాటే చెప్పుకోవాలి. తెలిసినవారి ద్వారా ఉద్యోగం రావడం తప్పని నేను అనడం లేదు. అనడానికి నాకు నోరు కూడా లేదు, నేను చేరినదీ అలాగే. మా కోనసీమకు ఆ దారి తప్ప వేరే దారి ఎప్పుడు ఉన్నది గనుక? మూడు పాయల గోదావరి, నాలుగో పక్క సముద్రం. కాటన్ దొర ఆనకట్ట పుణ్యమా అని నీరు వచ్చింది, వరి వచ్చింది, కొబ్బరి ఉండనే ఉంది. కానీ చదువుకున్నవాడికి గానీ, సెంటు భూమి లేనివాడికి గానీ నెలజీతం ఇచ్చే కర్మాగారం రాలేదు. అమలాపురానికి ఇవాళ్టికీ రైలు లేదు. 1996 నవంబరు 6 నాటి తుఫాను కొబ్బరిచెట్లను వేళ్ళతో సహా పెకలించి పోయింది. కొత్త మొక్క నాటి కాపుకు వచ్చేవరకు తోటల్లో దింపు తీసేవారు, కాయ ఒలిచేవారు ఏం తినాలి? 2011లో గిట్టుబాటు కాక రైతులే ఖరీఫు సాగు మానేసి పంట విరామం ప్రకటించారు. రైతు పొలం మానేస్తే రైతు కూలి ఎక్కడికి పోవాలి?

రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి ప్రాంతాలనుండి గల్ఫుకు పోయినవారు, ముఖ్యంగా ఆడవాళ్ళు, ఆ ప్రశ్నకు తమంతట తామే సమాధానం వెతుక్కున్నారు. ఒకామె వెళ్ళింది. ఆమె చెల్లెలికి వీసా పంపింది. చెల్లెలు ఆడపడుచుకు పంపింది. ఆ ఆడపడుచు పక్కింటామెకు పంపింది. ఏ ప్రభుత్వమూ, ఏ మోతుబరీ చేయని సాయం వాళ్ళు ఒకరికొకరు చేసుకున్నారు. ఆ డబ్బుతోనే తాటాకు ఇళ్ళు పోయి డాబాలు లేచాయి, పిల్లలు ఇంజనీరింగులు చదివారు. కూలిడబ్బుల కోసం కామందు గుమ్మం ముందు నిలబడవలసిన అగత్యం తప్పింది. ఈ గొలుసును చిన్నచూపు చూసేవాడు మా ప్రాంతాన్ని ఎరగనివాడు.

మరి నా కోపం దేని మీద? ఆ గొలుసు మీద కాదు. ఆ గొలుసుతోపాటు మనం వేసుకుంటున్న నోటితాళం మీద. తెలిసినవారు ఇప్పించిన ఉద్యోగం గనుక చేరేముందు ఏమీ అడగము. తెలిసినవారు ఇప్పించినదే గనుక చేరిన తరువాత ఏమీ అనలేము. ఏ బంధుత్వం మనలను కాపాడుతుందని అనుకుంటామో, ఆ బంధుత్వమే మన నోరు నొక్కుతున్నది. నేను చెప్పదలచుకున్నది ఇంతే. మిగిలినదంతా దీనికి రుజువులే.

మొదటి రుజువు మా వీధిలోనిదే. నేను అక్కా అని పిలిచే ఒకామె 2013లో కువైట్ వెళ్ళింది. వీసా పంపినది ఆమె మేనత్త కూతురు. బట్టల దుకాణంలో పని అని చెప్పారు. దిగిన తరువాత తెలిసింది, అది ఇరవయ్యో నంబరు వీసా అని. 

గల్ఫు సంగతులు తెలియనివారికోసం చెబుతాను. కువైట్‌లో దుకాణాలు, కంపెనీల పనివారికి ఇచ్చేది పద్దెనిమిదో నంబరు. ఇంటిపనివారికి, మనవాళ్ళు ఖద్దామా అంటారే, వారికి ఇచ్చేది ఇరవయ్యో నంబరు. ఆ వీసా మీద వెళ్ళిన మనిషి దుకాణంలో పనిచేస్తే అదే నేరం. పైగా 2013 నాటికి అక్కడ ఇంటిపనివారికి ప్రత్యేకించి ఒక చట్టమంటూ లేదు. కంపెనీల కార్మికులకోసం 2010లో చేసిన చట్టం వీరికి వర్తించదు. 68వ నంబరు చట్టం 2015లో గానీ రాలేదు. ఒక్క అంకె తేడాతో ఆమె దుకాణంలోనుండి వంటింట్లోకి, చట్టం లోపలినుండి చట్టం వెలుపలికి పోయింది. ఆ అంకె ఆమెకు పంపిన కాగితం మీద ఉన్నది. ఎవరూ చూడలేదు. ఎందుకు చూస్తారు? మనోళ్ళే కదా!

ఆ ఇంట్లో పొద్దున్న ఐదింటికి మొదలైన పని అర్ధరాత్రికి గాని ముగిసేది కాదట. పాస్‌పోర్టు యజమాని బీరువాలో. జీతం రెండు నెలలకో, మూడు నెలలకో. మన రాయబార కార్యాలయంలో ఇటువంటి ఆడవారికోసం ఒక ఆశ్రయం ఉన్నదన్న సంగతి ఆమెకు తెలుసు. అయినా పోలేదు. ఎందుకు పోలేదని తరువాత ఎప్పుడో అడిగాను. ఆమె చెప్పిన సమాధానం ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. "నేను కేసు పెడితే వదినకి మాటొత్తది తమ్ముడూ. ఆ ఇంటోళ్ళు దాని కఫీలుకి చుట్టాలు. దాని అన్నం నేనెలా పడగొడతాను?" 

చివరకు తట్టుకోలేక ఒకరోజు ఆ ఇల్లు వదిలి బయటపడింది. అకామా పోయి ఖల్లివెల్లి అయింది. దొరికిన చోటల్లా రోజుపని చేసుకుంటూ, పోలీసు కనిపిస్తే సందులో దూరుతూ కొంతకాలం గడిపింది. 2018 జనవరి నెలాఖరున కువైట్ ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటించినప్పుడు తిరిగి వచ్చింది. అటువంటి క్షమాభిక్షను 2020లోనూ, 2024లోనూ మళ్ళీ ప్రకటించవలసి వచ్చిందంటే, అటువంటి అక్కలు ఎందరో మీరే ఊహించుకోండి.

వీసా పంపిన వదిన చెడ్డమనిషి కాదు. ఆమెకూ ఎవరో అలాగే పంపారు. ఆమె కూడా ఏమీ అడగలేదు. తనకు తెలియనిదాన్ని తెలిసినట్టుగా ముందుకు అందించింది, అంతే.

రెండవ రుజువు నేనే. ఇది రాయడానికి కొంచెం సిగ్గుగా ఉన్నది. 

నేను పనిచేసే చోట ఎవరినైనా సిఫారసు చేసి, వారు ఎంపికై ఆరు నెలలు నిలబడితే మనకు బహుమానంగా కొంత సొమ్ము ఇస్తారు. చాలా కంపెనీలలో ఉన్న పద్ధతే ఇది. మా బాబాయి కొడుకును అలా చేర్పించాను. వాడికి అప్పటికే చెన్నైలో మరొక ఉద్యోగం చేతిలో ఉంది. జీతం కాస్త తక్కువ, కానీ తల్లిదండ్రులకు కూడా కంపెనీయే ఆరోగ్య బీమా కడుతుంది. వాడు ఫోను చేసి "అన్నయ్యా, ఏది మంచిదంటావ్?" అన్నాడు. "ఇక్కడికి వచ్చెయ్యరా, నేనున్నాను కదా" అన్నాను. వచ్చేశాడు.

మా దగ్గర తల్లిదండ్రులను బీమాలో చేర్చాలంటే, ఉద్యోగంలో చేరిన ముప్పై రోజులలోపల మన డబ్బుతో ప్రీమియం కట్టి చేర్చుకోవాలి. ఆ గడువు దాటితే మళ్ళీ మరుసటి ఏడాదే. ఈ సంగతి నాకు తెలుసు. వాడికి చెప్పలేదు. దాచిపెట్టాలని కాదు, తోచలేదు. నా దృష్టి ఎంతసేపూ ఆ ఆరు నెలల గడువు మీదనే ఉన్నదేమో! ఐదో నెలలో బాబాయికి గుండెనొప్పి వచ్చింది. కాకినాడలో ఆపరేషన్. అరెకరం కొబ్బరితోట తాకట్టు పెట్టారు. మరుసటి నెల నా ఖాతాలో యాభై వేల రూపాయలు పడ్డాయి. ఆ డబ్బుతో మా ఇంట్లోకి ఫ్రిజ్ కొన్నాము. ఫ్రిజ్ ఇంకా పనిచేస్తూనే ఉంది.

ఇన్నేళ్ళలో మావాడు నన్ను ఒక్క మాట అనలేదు. వాడు నన్ను తిట్టి ఉంటే బాగుండేది. "నిన్నెలా అంటాను అన్నయ్యా, ఉద్యోగం ఇప్పించినోడివి" అన్నాడు ఒకసారి. కువైట్ నుండి తిరిగి వచ్చిన అక్క మాటకూ, సాఫ్ట్‌వేరు ఉద్యోగి అయిన మా తమ్ముడి మాటకూ తేడా ఏమైనా ఉన్నదా? నాకైతే కనిపించలేదు.

మనం అమాయకులం కనుక అడగము అనుకుంటే పొరపాటు. అంబాజీపేట కొబ్బరి మార్కెట్టుకు వెళ్ళి చూడండి. వెయ్యి కాయల లెక్కన బేరం. చిన్నకాయ పక్కకు తీస్తారు, నెర్రెబారిన కాయ పక్కకు తీస్తారు, కాయను చెవి దగ్గర పెట్టుకుని ఆడించి చూస్తారు. కొనేవాడు మేనమామ అయినా సరే లెక్క లెక్కే! పిల్లకు సంబంధం వస్తే ఏడు తరాలు ఆరా తీస్తాము. మన బతుకును, మన ఆరోగ్యాన్ని, పదేళ్ళ వయసును అమ్ముకునేటప్పుడు మాత్రం అడగడం మర్యాద కాదు!

దీనికి మూలం నేల మీదనే ఉన్నదని నా అనుమానం. మా ప్రాంతంలో కౌలు అంతా నోటిమాటే. తరాలుగా అంతే. కాగితం అడిగిన కౌలుదారుకు మరుసటి ఏడు పొలం ఉండదు. కౌలుదారుకు గుర్తింపు పత్రం ఇవ్వాలని 2011లో ఒక చట్టం చేశారు, 2019లో ఇంకొకటి చేశారు. అయినా సంతకం పెట్టమని ఆసామిని అడగడానికి నోరు రాని కౌలుదారులు మా ఊళ్ళోనే ఎందరో ఉన్నారు. వరద వస్తే పరిహారం ఆసామి పేరున, నష్టం కౌలుదారు నెత్తిన. కాగితం అడగడమంటే నమ్మకద్రోహమని ఎవరు నేర్పారు మనకు? కాగితం లేకపోతే లాభపడేవారే నేర్పారు. దానిని మనం కువైట్‌కూ తీసుకుపోయాము, హైదరాబాదుకూ తీసుకుపోయాము.

సరే, అడగాలి. ఏమి అడగాలి? కోపగించుకోవడం తేలికే, లెక్క చెప్పడమే కష్టం. నాకు తెలిసినంతవరకు చెబుతాను.

గల్ఫు వెళ్ళేవారు మొదట అడగవలసినది జీతం కాదు, వీసా రకం. కువైట్ అయితే పద్దెనిమిదా, ఇరవయ్యా? "ఆజాద్ వీసా" అంటే నమస్కారం పెట్టి లేచి రండి. అటువంటి వీసా ఏ దేశపు చట్టంలోనూ లేదు. ఎవడో కఫీలుకు డబ్బుకట్టి వాడి పేరు వాడుకుంటూ బయట పని వెతుక్కోవడమే దాని అర్థం. పట్టుబడితే పంపించివేసేది పనివాడినే. 

రెండవది, వీసా ఖరీదు ఎవరు తీసుకుంటున్నారు? నియామకపు ఖర్చు పనివారినుండి వసూలు చేయరాదని కువైట్, ఖతార్, ఎమిరేట్స్ చట్టాలు చెబుతున్నాయి. మన దేశంలో రిజిస్ట్రేషన్ ఉన్న ఏజెంటు తీసుకోదగినది 30,000 రూపాయలు, పైన జీఎస్టీ. అంతకుమించి అడిగితే, అడిగినది అక్క అయినా బావ అయినా, అది సాయం కాదు, వ్యాపారం. రిజిస్ట్రేషన్ లేకుండా ఆ వ్యాపారం చేయడం 1983 నాటి వలసల చట్టం ప్రకారం నేరం కూడా.

మూడవది, జీతాన్ని విడగొట్టి అడగాలి. ఖతార్‌లో 2021 మార్చి నుండి ఎవరికైనా కనీస జీతం 1000 రియాళ్ళు. తిండి పెట్టకపోతే మరో 300, గది ఇవ్వకపోతే మరో 500 ఇవ్వాలి. అంటే "1300 ఇస్తారంట" అని బావ గొప్పగా చెప్పిన ఉద్యోగంలో గదీ తిండీ మనవే అయితే, అది చట్టం చెప్పిన కనీసానికి 500 తక్కువ. 1000 ఇచ్చి గదీ తిండీ ఇచ్చేది దానికంటే మేలు. 

దుబాయిలో ఇంకొక తిరకాసు. ఉద్యోగం ముగిశాక ఇచ్చే గ్రాట్యుటీని మూలవేతనం మీదనే లెక్కకడతారు. మొదటి ఐదేళ్ళకు ఏడాదికి 21 రోజుల జీతం. ఇద్దరికీ నెలకు 2000 దిర్హాములే అనుకోండి. ఒకరికి మొత్తం మూలవేతనమే, మరొకరికి మూలవేతనం 1000, అలవెన్సులు 1000. ఐదేళ్ళకు మొదటివారికి వచ్చేది 7000 దిర్హాములు, రెండవవారికి 3500. చేతికి వచ్చే నెలజీతం చూసుకుని ఇద్దరూ సమానమే అనుకుంటూ ఐదేళ్ళు గడిపేస్తారు!

ఇంటిపనికి వెళ్ళే ఆడవారికి కువైట్ చట్టం ఇవాళ కొన్ని హక్కులు ఇస్తున్నది. కనీసం 60 దినార్ల జీతం, రోజుకు పన్నెండు గంటలకు మించని పని, వారానికి ఒకరోజు సెలవు, ఏడాదికి నెల రోజుల జీతంతో సెలవు, పని ముగిశాక ఏడాదికి నెల చొప్పున సొమ్ము. చట్టంలో ఉన్నదంతా ఇంట్లో ఉంటుందని నేను అనను. కానీ ఏది తన హక్కో తెలిసిన మనిషికీ తెలియని మనిషికీ తేడా ఉంటుంది. మన వైపు చూస్తే, పదో తరగతి తప్పినవారి పాస్‌పోర్టుకు వలస అనుమతి కావాలి. ఇంటిపనికి ముప్పై ఏళ్ళు నిండని ఆడవారికి ఆ అనుమతి ఇవ్వరు. 2016 నుండి అటువంటి ఆడవారిని పనిలోకి పంపడం ప్రభుత్వ సంస్థల ద్వారానే జరగాలి, మన రాష్ట్రంలో ఓంక్యాప్ అటువంటిది. ఇదంతా తలనొప్పి అని విజిట్ వీసా మీద విమానం ఎక్కించేస్తున్నారు. అలా వెళ్ళినవారు అక్కడ ఏమైపోయినా ఇక్కడి లెక్కల్లో ఉండరు. ప్రవాసీ భారతీయ బీమా యోజన అని ఒకటి ఉంది. రెండేళ్ళకు 275 రూపాయలు, మూడేళ్ళకు 375, పైన పన్ను. ప్రమాదంలో పోతే ఇంటివారికి 10 లక్షలు వస్తాయి. ఒక పూట చుట్టాలకు రొయ్యల కూర వండిన ఖర్చు కాదది.

"గది కంపెనీయే ఇస్తుంది" అన్న మాట వినగానే సంతోషపడిపోతాము. 2024 జూన్ 12 తెల్లవారుజామున కువైట్‌లోని మంగాఫ్‌లో మంటలంటుకున్నది కంపెనీ ఇచ్చిన గదులకే. నిద్రలో ఉన్నవారు పొగకు ఊపిరాడక పోయారు. చనిపోయినవారిలో అత్యధికులు మన దేశస్థులు, ముగ్గురు మన రాష్ట్రంవారు. గదికి ఎంతమంది, బయటికి ఎన్ని దారులు అని అడగడం గొంతెమ్మ కోరిక అవుతుందా?

ఇక హైదరాబాదు, బెంగుళూరు ఉద్యోగాల సంగతి. ఆరు లక్షల ప్యాకేజీ అనగానే పిన్ని నెలకు యాభై వేలు అనుకుంటుంది. లెక్క చూద్దాం. అందులో నూటికి పది పనితీరు మీద ఇచ్చేది అనుకుంటే 5000 పోయింది. మూలవేతనం 25,000 మీద కంపెనీవారి భవిష్యనిధి వాటా 3000, గ్రాట్యుటీ పద్దు కింద సుమారు 1200, ఈ రెండూ మన ప్యాకేజీలోనుండే. మన వాటా భవిష్యనిధి మరో 3000. వృత్తిపన్ను 200. చేతికి వచ్చేది 37,600. భవిష్యనిధి మనదే, పోదు. కానీ గ్రాట్యుటీ? శాశ్వత ఉద్యోగి ఐదేళ్ళు నిండకుండా మానేస్తే ఆ 1200 లెక్క కాగితం మీదనే ఉండిపోతుంది. 2025 నవంబరు 21 నుండి అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతి నిర్ణీత కాలానికి తీసుకున్న ఉద్యోగులకు ఏడాదికే గ్రాట్యుటీ ఇవ్వమంటున్నది. మనవాడిని ఏ పద్ధతిన తీసుకుంటున్నారో ఎవరు అడిగారు? బీమా తల్లిదండ్రులకు వర్తిస్తుందా, ముందునుండి ఉన్న జబ్బులకు వర్తిస్తుందా, కాకినాడలోనో రాజమహేంద్రవరంలోనో ఏ ఆసుపత్రిలో చెల్లుతుంది? మానేయాలంటే ఎన్ని నెలల ముందు చెప్పాలి? ఇవన్నీ జీతం కిందకే వస్తాయి. జీతమంటే నెలాఖరున ఫోనుకు వచ్చే మెసేజి ఒక్కటే కాదు.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. "నీకేం, ఉద్యోగం ఉంది కనుక నీతులు చెబుతున్నావు. ఇన్ని ప్రశ్నలు అడిగితే ఆ ఇచ్చేవాడు ఇంకొకరికి ఇచ్చుకుంటాడు" అని. నిజమే, ఇచ్చుకోవచ్చు. కానీ గమనించండి, మనం ప్రశ్నలు అడగవలసినది ముందుగా యజమానిని కాదు, సిఫారసు చేసేవారిని. వారికి తెలిసి ఉండాలి. తెలియకపోతే కనుక్కుని చెప్పాలి. చెప్పలేనివారికి సిఫారసు చేసే అర్హత లేదు. ఒక ప్రశ్నకే తెగిపోయే బంధుత్వం మూడువేల కిలోమీటర్ల అవతల మనలను కాపాడుతుందా?

ఇంకొక మాట. మార్క్ గ్రానోవెటర్ అనే అమెరికా సామాజిక శాస్త్రవేత్త 1973లో ఒక వ్యాసం రాశాడు. తెలిసినవారి ద్వారా ఉద్యోగం సంపాదించినవారిని విచారిస్తే, ఆ తెలిసినవారు తరచుగా కలిసేవారని చెప్పినది నూటికి 17 మంది లోపే. మిగిలినవారికి కబురు అందినది అప్పుడప్పుడో, అరుదుగానో కనబడేవారినుండి. దగ్గరివారికి తెలిసినవి మనకూ తెలిసినవే, దూరపువారే కొత్త కబురు తెస్తారు అని ఆయన వాదన. మనం మాత్రం మేనత్త కూతురు, బాబాయి కొడుకు అనే గిరి దాటము. ఆ గిరికి బయట ఉన్నవాడి గతి ఇంకా అన్యాయం. సుఖదేవ్ థోరట్, పాల్ ఎటివెల్ 2007లో అచ్చువేసిన పరిశోధనలో, ఒకే చదువు ఉన్న దరఖాస్తులనే వేరువేరు ఇంటిపేర్లతో పంపారు. దళితుల పేరు ఉన్నవాటికి ప్రయివేటు కంపెనీలనుండి పిలుపులు తక్కువ వచ్చాయి. పత్రికలో ప్రకటన వేసి పిలిచిన ఉద్యోగాల సంగతే అది. ఇక ప్రకటనే లేకుండా మనోళ్ళ చెవులకే చేరే ఉద్యోగాల సంగతి ఏమిటి? "మనోళ్ళు" అన్న మాటకు అర్థం ఎక్కడ ముగుస్తుందో కోనసీమలో పుట్టినవారికి నేను విడమరచి చెప్పనక్కరలేదు. షరతులన్నీ కాగితం మీద బాహాటంగా ఉంటే, లోపల ఉన్నవాడికి నోరు వస్తుంది. బయట ఉన్నవాడికి దారి కనబడుతుంది.

నాకు నేను ఒక నియమం పెట్టుకున్నాను. ఎవరినైనా సిఫారసు చేసేముందు, ఆ ఉద్యోగంలో మంచీ చెడూ ఒక కాగితం మీద రాసి ఇస్తాను. అందులో నాకు వచ్చే సొమ్ము ఎంతో కూడా రాస్తాను. "దీని వలన నీకు నష్టం జరిగితే నన్ను అడుగు, అడిగితే నేను నొచ్చుకోను" అన్న వాక్యం చివర పెడతాను. పిన్ని కొడుక్కి అలాగే రాసి ఇచ్చాను. వాడు చదువుకుని, రెండు రోజులు ఆలోచించి, "మూడు నెలల నోటీసు ఎక్కువ కదా అన్నయ్యా" అన్నాడు. నాకు ప్రాణం లేచివచ్చింది.

వీసా కాగితం తెచ్చిన ఆమెకు అది ఇరవయ్యో నంబరని చెప్పాను. చెల్లిని అడగవలసినవి తెలుగులో ఒక చీటీ మీద రాసి ఇచ్చాను. ఏ ఇల్లు, ఎంతమంది మనుషులు, పాస్‌పోర్టు ఎవరి దగ్గర, సెలవు ఏ రోజు, ఒప్పందం కాగితం ఏది. ఆమె చాలాసేపు ఆ చీటీని మడుస్తూ, విప్పుతూ నిలబడింది. "ఆదివారం అడుగుతానండి" అని వెళ్ళిపోయింది.

నేను హైదరాబాదు వచ్చిన పది రోజులకు ఫోను చేసింది. చెల్లికి కోపం వచ్చిందట. రెండు రోజులు మాట్లాడలేదట. మూడోరోజు తానే ఫోను చేసి, "నన్నెవరూ ఇయ్యన్నీ అడగలేదక్కా, నేనూ ఎవర్నీ అడగలేదు" అని ఏడ్చిందట. ఒప్పందం కాగితం కోసం ఆ ఇంటివారిని అడుగుతానన్నదట.

అది ఇంకా రాలేదు. వచ్చేవరకు టిక్కెట్టు కొనవద్దని చెప్పాను.